గురువారపు సభలో పసి గొంతులు

మదరసాలతో పరిచయమున్న పాఠకులకు గురువారం ప్రత్యేకత తెలిసే ఉంటుంది. శుక్రవారం సెలవు గనుక చాలా మదరసాల్లో గురువారం మధ్యాహ్నానికే పాఠాలు ముగుస్తాయి. మగ్రిబ్ లేదా ఇషా నమాజు తర్వాత విద్యార్థుల సభ మొదలవుతుంది. దీనిని అంజుమన్ అనీ, కొన్నిచోట్ల బజ్మ్ అనీ పిలుస్తారు. అధ్యక్షుడూ విద్యార్థే, సభను నడిపే నాజిమూ విద్యార్థే. ఖుర్ఆన్ పారాయణంతో ఆరంభమై నాత్, ప్రసంగాలు, సంవాదాలు, ప్రశ్నోత్తరాలతో ఉల్లాసంగా సాగుతుంది. ఆ వారం ఒక జుజ్ కంఠస్థం పూర్తిచేసిన పసివాని పేరు ప్రకటించగానే ‘మాషా అల్లాహ్’ అన్న పలుకు సభంతా మారుమోగుతుంది. ఉపాధ్యాయులమైన మేము వెనుక వరుసలో కూర్చుంటాము.

ఇది నేటి ఆచారం కాదు. 1866లో నెలకొన్న దేవ్‌బంద్ దారుల్ ఉలూంలో ప్రాంతాలవారీగా విద్యార్థుల అంజుమన్లున్నాయి. లక్నోలోని నద్వాలో అల్ ఇస్లాహ్ పేరిట విద్యార్థి సంఘముంది.

అయినా, “హిఫ్జ్‌కు కేటాయించవలసిన సమయం ఉపన్యాసాలకు ఎందుకు?” అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం హదీసు గ్రంథాల్లోనే ఉంది.

ఒకనాడు దైవప్రవక్త (సఅసం) తమ సహచరులను ఒక ప్రశ్న అడిగారు: ఆకు రాలని ఒక చెట్టు ముస్లింను పోలి ఉంటుంది, అదేమిటి? అందరి ఆలోచనలూ ఎడారి చెట్ల మీదికి పోయాయి. అది ఖర్జూర చెట్టని బాలుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మనసులో మెదిలింది. కాని అబూబక్ర్, ఉమర్ (రజి) వంటి పెద్దలే మౌనంగా ఉండడం చూసి, బిడియంతో నోరు విప్పలేదు. తరువాత ఆ సంగతి తండ్రికి చెప్పారు. నీవు ఆ మాట అక్కడే చెప్పి ఉంటే నాకెంతో ప్రియంగా ఉండేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. తెలిసిన విషయం పెదవి దాటకపోతే తండ్రి మనసు ఎంత ఆరాటపడుతుందో చూడండి.

ఆ ఉమరే (రజి) ఖలీఫా అయ్యాక, బద్ర్ యోధులైన పెద్దల సభలో యువకుడైన ఇబ్నె అబ్బాస్‌ను (రజి) కూర్చోబెట్టారు. ఆ వయసు కుమారులు మాకూ ఉన్నారని కొందరు ఆక్షేపించారు. హజ్రత్ ఉమర్ (రజి) వాదించలేదు. నస్ర్ సూరా భావమేమిటని అందరినీ అడిగారు. కొందరు బాహ్యార్థం చెప్పారు, కొందరు మౌనం వహించారు. అది దైవప్రవక్త (సఅసం) నిర్యాణాన్ని సూచిస్తున్నదని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. తమకు తెలిసినదీ అదేనని ఖలీఫా అందరి ఎదుటా అంగీకరించారు. చిన్నవాని విద్యకు పెద్దల సభలో దక్కిన గౌరవమది.

మన తెలుగు నేలపై మరొక చిక్కు ఉంది. నూర్‌బాషా కుటుంబాల వంటి అనేక ఇళ్లలో ఇంటి భాష తెలుగే. అటువంటి ఇంటి బాలుడు ఉర్దూలో సాగే సభలో ముడుచుకుని కూర్చుంటాడు. విషయం తెలుసు, మాట రాదు. కొన్నాళ్లకు తనకు విషయమే తెలియదని నమ్మడం మొదలుపెడతాడు. ఒక విద్యార్థి చేజారిపోయేది ఇక్కడే. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపామని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. అందుకే మా సభలో తెలుగు ప్రసంగానికీ సమాన స్థానమిచ్చాము. రేపు ఈ బాలుడు తన ఊరి మస్జిదులో జుమా నాడు ధర్మం బోధించవలసింది తెలుగులోనే కదా!

బహుమతుల విషయంలోనూ ఒక మాట. మొదటి స్థానం ఎప్పుడూ ఒకరిద్దరిదే. నత్తిని జయించి నాలుగు వాక్యాలు పలికినవాడు, తోటివానికి పాఠం అప్పజెప్పించినవాడు కూడా సభ ముందుకు రావాలి. బాలికల మదరసాల్లో ఈ సభలకు మరింత ప్రోత్సాహం అవసరం. రెండు వేలకు పైగా హదీసులను మనకందించిన హజ్రత్ ఆయిషా (రజి) వద్ద గొప్ప విద్వాంసులే పాఠాలు నేర్చుకున్నారు.

తల్లిదండ్రులారా! వీలైనప్పుడు ఈ సభలకు రండి. మీ బిడ్డను పక్కవాని బిడ్డతో పోల్చకండి. తడబడితే నవ్వకండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఇషా తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని, నేర్చుకున్నదొకటి చెప్పమని అడగండి. మధ్యలో అడ్డు తగలక చివరిదాకా వినండి. ఫిరౌన్ వద్దకు వెళ్లేముందు హజ్రత్ మూసా (అలై) తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు. మన పిల్లల కోసం మనమూ అదే వేడుకుందాం. ఆమీన్.