రెండు భాషల ఇంట్లో పిల్లలు: అపోహలు, వాస్తవాలు

తిరుత్తణిలో బడి వదిలాక ఏ తెలుగింటి గుమ్మంలో నిలబడినా ఇలాంటి మాట చెవిన పడుతుంది: "అవ్వా, పెన్సిలు పైలో పెట్టినా." అవ్వ తలెత్తి అటక వైపు చూడదు, సంచిలో చెయ్యి పెడుతుంది. తమిళంలో పై అంటే సంచి. పక్కన కూర్చున్న తండ్రి మాత్రం దిగులు పడతాడు, పిల్లకు ఏ భాషా సరిగా రావడం లేదని.

ఆ దిగులు అపోహ. భాష, మనసు గురించి పరిశోధించేవాళ్లు ఆ చిన్న వాక్యంలో తప్పును కాదు, పిల్ల నేర్పును చూస్తారు. సంచి పేరు తమిళం. దానికి తగిలించిన 'లో' మాత్రం తెలుగుది. క్రియా తెలుగుదే. ఏ అతుకూ తప్పు చోట పడలేదు. అదే పిల్ల తమిళ స్నేహితురాలితో "పైయిల వెచ్చేన్" అంటుంది. ఎవరితో ఏది మాట్లాడాలో అంత బాగా తెలిసిన బిడ్డను గందరగోళపడుతోందనడం అన్యాయం.

"బడిలో తమిళం, ఇంగ్లీషు ఉన్నాయిగా, ఇంట్లో తెలుగు కూడా ఎందుకు?" ఇది తిరువళ్లూరు జిల్లాలో తరచూ వినే ప్రశ్న. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 2006 తమిళనాడు చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. కనుక ప్రశ్న అర్థమవుతుంది, భయానికే ఆధారం లేదు. రెండు భాషలు బుర్రకు బరువన్న పాత పరీక్షలు చాలావరకు పేద వలస పిల్లలను కలవారి పిల్లలతో పోల్చాయి. 1962లో మాంట్రియల్‌లో పరిశోధకులు పీల్, లాంబర్ట్ ఒకే స్థితిలో ఉన్న పదేళ్ల పిల్లలను పోల్చి చూస్తే, రెండు భాషల వాళ్లే ముందున్నారు.

అలాగని రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుందని చాటనక్కర్లేదు. తర్వాతి పరిశోధనల్లో కొన్నిటిలో ఆ లాభం కనబడలేదు. ముసలితనం సంగతి వేరు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకు మించి వచ్చినవాళ్లకు ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా ఉంది. నాకు అన్నిటికంటే విలువైన మాట అదే. సంతలో రెండు భాషల్లో బేరమాడే అవ్వ ఏ బడికీ వెళ్లకపోయినా ఆ రెండు భాషలూ ఆమె సొంతమే.

మాటల లెక్కలోనూ పొరబడతాం. తెలుగు మాటలే లెక్కపెడితే పిల్ల వెనకబడినట్టు కనిపిస్తుంది. తమిళం మాటలూ కలిపి లెక్కించాలి. రెండు భాషల్లోనూ మాటలు ఆలస్యమైతే డాక్టరుకు చూపించండి, ముందు చెవి పరీక్ష చేయించండి. అవ్వతో తెలుగు మాన్పించడం మాత్రం వైద్యం కాదు.