ఋతువుతో వచ్చు కొలువు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మూసీనది చెంత, నార్సింగి యను ఊరు కలదు. ఒకప్పుడది పొలములును, రాతిగుట్టలును, పచ్చిక బయళ్లును గల చిన్న పల్లె. నేడు దాని చుట్టును ఆకాశమునంటు మేడలు లేచినవి. ఔటర్ రింగ్ రోడ్డు దానిని ఒరసికొని పోవుచున్నది. పొరుగున నున్న కోకాపేటలోను, గచ్చిబౌలిలోను కంప్యూటరు సంస్థల కార్యాలయములు వెలసినవి. అయినను ఈ ఊరికి ఎగువనున్న గండిపేట చెరువునకు శీతకాలమున వచ్చు అతిథులు తమ రాకను మానలేదు.

1908లో మూసీకి ఘోరమైన వరద వచ్చి నగరమును ముంచివేసెను. అట్టి ఆపద మరల రాకుండుటకై 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరును, 1927లో ఈసీనదిపై హిమాయత్‌సాగరును కట్టిరి. ఉస్మాన్‌సాగరునే జనులు గండిపేట చెరువందురు. మనుష్యుల కొరకు నిలిపిన ఆ నీరు పక్షులకును విడిదియైనది. వానలు వెనుకపట్టగానే మధ్య ఆసియానుండియు, సైబీరియానుండియు సూదితోక బాతులు మొదలగు పక్షులు వేల మైళ్లు ఎగిరి దక్కను చెరువులకు వచ్చును. ఎండలు ముదురునప్పటికి వాటిలో పెక్కు తిరుగుప్రయాణము కట్టును.

ఈ పక్షులను కాపాడవలెనన్నచో ముందుగా అవి ఎన్ని యున్నవో తెలియవలెను. ఇందులకై 1987 నుండి ఆసియా ఖండమున ఏటేట జనవరి మాసములో నీటిపక్షుల గణన జరుగుచున్నది. జనవరియే ఏల? అప్పటికి వలస వచ్చిన పక్షులు తమ తమ నెలవులలో కుదురుకొనియుండును. అవి ప్రయాణములో నున్నప్పుడు లెక్కించినచో ఒకే పక్షి నేడొక చెరువులోను, రేపు మరొక చెరువులోను లెక్కకు వచ్చును.

గుంపును లెక్కించుట ఒక విద్య. వేయి బాతులను ఒక్కొక్కటిగా ఎంచుట సాధ్యము కాదు. మొదట పది పక్షులను ఎంచి, ఆ పది ఎంత మేర ఆక్రమించినవో కంటితో పట్టవలెను. ఆ కొలతను గుంపుపై జరుపుకొనుచు పోవలెను; మానికతో ధాన్యము కొలిచినట్లు. ఇంతలో ఏ డేగయో పైన తిరిగినచో గుంపంతయు లేచిపోవును, లెక్క మొదటికి వచ్చును. ఒక జాతి పక్షి కనబడకపోయినచో ఆ సంగతియు వ్రాయవలెను. కనబడని పక్షిని గూర్చి వ్రాయుట వ్యర్థమని క్రొత్తవారు తలంతురు. కాని పదియేండ్ల తరువాత ఆ వ్రాతకే విలువ హెచ్చు. చెరువు నిండిన యేడు ఒడ్డున బురద యుండదు. బురదలో పురుగులేరుకొను ఉల్లంకిపిట్టలు వేరొక చోటికి పోవును. కావున ఒక్కయేటి లెక్కను చూచి పక్షులు తగ్గినవనుట తొందరపాటు. అదే చెరువునకు, అదే కాలమున, ఏండ్ల తరబడి తిరిగి పోవువారే నిజము చెప్పగలరు.

హైదరాబాదులో ఇట్టి పని చేయువారు పెక్కుమంది జీతము కోరనివారు. 1980లో ఇచ్చట ఏర్పడిన పక్షి పరిశీలకుల సంఘము నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర పనిచేయుచున్నది. అంతకు చాల పూర్వమే, 1931–32లో, సలీం ఆలీ నిజాం సంస్థానమంతట తిరిగి పక్షుల సర్వే జరిపెను. అప్పుడాయనకు ఉద్యోగము లేదు. అయినను తనకు వేతనమక్కరలేదనియు, ఖర్చులు భరించిన చాలుననియు చెప్పి ఆ పనికి పూనుకొనెను. పిమ్మట దేశవిఖ్యాతుడైన ఆ శాస్త్రజ్ఞుడు ఒక సంస్థానమున జరిపిన మొదటి సర్వే అదియే.

కాని అందరును జీతము లేక పనిచేయజాలరు గదా! పక్షులను వలలతో పట్టి, కాలికి కడియము తొడిగి విడుచుటకును, గూళ్లకు కాపు కాయుటకును కూలినిచ్చి మనుష్యులను పెట్టుకొందురు. ఆ కూలి ఋతువుతో వచ్చి ఋతువుతో పోవును. నేలపట్టులో గూడబాతులు ఈశాన్య ఋతుపవనము చెరువును నింపిన పిమ్మటనే గూళ్లు కట్టును. అవి ఉన్నంతకాలమే అచ్చట కావలివారికి పని హెచ్చు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడియములు తొడుగు పనికై బీహారునుండి మీర్‌షికారులను పిలిపించుకొనిరి. వారు తరతరములుగా పక్షులను పట్టి జీవించినవారు. ఈకకైనను దెబ్బ తగులకుండ పక్షిని వలనుండి విడిపించుట వారికి తెలిసినట్లు గ్రంథములు చదివినవారికి తెలియదు.

ఈ మాటకు తెలుగు దేశమున గొప్ప నిదర్శన మొకటి కలదు. అది కడప జిల్లాలోని కలివికోడి కథ. కలివిపొదల నడుమ తిరుగుటచే దానికా పేరు వచ్చెను. అది ఇంచుమించు కౌజుపిట్టంత యుండును. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టెలు, పెద్ద కన్నులు గలది. 1848లో జెర్డన్ అను వైద్యుని మూలమున శాస్త్రలోకము దాని నెరిగెను. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. పలువురు వెదకి వెదకి విసిగిరి. అది అంతరించెనని పెక్కుమంది నిశ్చయించుకొనిరి.

1985లో భరత్ భూషణ్ అను పరిశోధకుడు బొంబాయి సంఘము పక్షమున వచ్చి, పక్షి బొమ్మను పల్లెలలో చూపుచు విచారింపసాగెను. అది రాత్రివేళ తిరుగు పిట్టయని అచ్చటివారు చెప్పిరి. పూర్వము వెదకినవారు పగటివేళ వెదకియుండిరి! 1986 జనవరిలో, రెడ్డిపల్లె సమీపమున, ఐతన్న యను వేటగాడు దీపపు వెలుతురులో ఆ పక్షిని సజీవముగా పట్టెను. ఎనుబదియారేండ్ల సందేహము ఒక్క రాత్రితో తీరెను. ఆ పక్షి మాత్రము ఎక్కువకాలము బ్రతుకలేదు. దానిని చూచుటకు సలీం ఆలీ తన ఎనుబదితొమ్మిదవ యేట కడపకు వచ్చెను. ఆ పొదలున్న అడవిని 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించిరి.

పట్టకయే పక్షి ఉనికిని తెలిసికొనుటెట్లు? 2000 తరువాత అచ్చట పనిచేసినవారు ఒక సులువైన ఉపాయము కనుగొనిరి. పొదల నడుమ నేలను సన్నని పట్టీలుగా చదునుచేసి, మెత్తని మన్ను పరచిరి. ప్రతి ఉదయము ఆ మన్నుపై పడిన అడుగులను పరీక్షించిరి. తీతువు అడుగును దీనికి దగ్గరగానే యుండును, కొలిచి వేరుచేయవలెను. వాన కురిసినను, మేకలమంద నడచినను పట్టీ చెరిగిపోవును. మరల మన్ను సరిచేయవలెను. పక్షి దాటునప్పుడు తనంతట తానే ఫోటో తీయు కెమెరాలను గూడ అమర్చిరి. ఈ పనికి అడవి దారులెరిగిన పల్లెవారే చేదోడైరి. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలను సమీపించినప్పుడు దాని మార్గము మార్పించుటకు ఇట్లు కూర్చిన ఆధారములే తోడ్పడినవి.

ఇందొక చిక్కు కలదు. పరిశోధనకు కేటాయించిన ధనము తీరగానే కొలువును తీరును. చదువుకొన్న పరిశోధకుడు మరొక పనికి పోవును. పల్లెవాడు తిరిగి కట్టెలకో, మేకలకో, వేటకో పోవలసి వచ్చును. అతని కన్నులు నేర్చిన విద్య వ్రాతలో నిలువదు. దానిని ఏటేట పిలిచి వాడుకొననిచో అది అతనితోనే పోవును. పక్షుల కొరకు ధనము వెచ్చించువారు ఈ సంగతిని తగినంత గమనించినట్లు తోచదు.

తరువాత చాల ఏండ్లు కలివికోడి జాడ తెలియరాలేదు. 2025 ఆగస్టు మాసమున ఒక రాత్రి దాని కూత మరల వినబడినదని కొందరు పక్షి పరిశీలకులు శబ్దమును పట్టి తెచ్చి లోకమునకు వినిపించిరి. ఆ కూత ఎట్లుండునో గ్రహించి మొదట పదిలపరచినవారు, అంతకు రెండు దశాబ్దములకు ముందు అవే కలివిపొదలలో రాత్రులు గడపిన పరిశోధకులు.