ఇంటికీ వీధికీ మధ్య

పాతకాలపు ఇల్లు గుమ్మం దగ్గర మొదలయ్యేది కాదు. అరుగు దగ్గర మొదలయ్యేది. గుమ్మానికి ఇరుప్రక్కలా, చూరు నీడన, మోకాలెత్తున వుండే ఆ దిమ్మె ఇంటివారి సొత్తే. కాని దానిమీద కూర్చోవడానికి ఇంటివారి నడగనక్కర లేదు. ఎండనబడి వచ్చిన బాటసారి, ఉత్తరాలు తెచ్చిన పోస్టుమాను, గాజుల మలారం దించుకున్న మనిషి, అందరూ అక్కడ చతికిలబడేవారే. రాయలసీమలో దీన్నే తిన్నె అంటారు.

ఈ అరుగు చేయని ఉద్యోగం లేదు. ఉదయం ఒకరు పత్రిక చదివితే పదిమంది వినేవారు. మధ్యాహ్నం కూరల బేరం, సాయంత్రం పూలమాలలు, రాత్రి ఊళ్లో తగవులు. మన వీధిబడులెన్నో అరుగులమీదనే నడిచాయి. ఎందరో తాతలు ఓనమాలు దిద్దినది అక్కడే.

దాని కిటుకు ఏమిటి? కూర్చున్నవాని చూపూ, నడిచిపోయేవాని చూపూ ఇంచుమించు ఒక ఎత్తున కలుస్తాయి; పలకరింపు దానంతటదే వస్తుంది. మాట సాగితే కూర్చోవచ్చు, విసుగు పుడితే లేచిపోవచ్చు. లోపలికి రమ్మనలేదన్న నొప్పి వచ్చినవారికి లేదు. కాఫీ పెట్టవలసిన ఇబ్బంది ఇల్లాలికి లేదు.

ఐతే అరుగుకు బంగారుపూత పూయనక్కర లేదు. ఎవరు కూర్చోవచ్చునో, ఎవరు వీధిలోనే నిలబడాలో కులం నిర్ణయించిన అరుగులు చాలా వుండేవి. మగవారు కూర్చున్న వేళ ఆడవారు తలుపు చాటుననే వుండిపోయేవారు. మనకు కావలసింది అరుగు. ఆ కట్టుబాట్లు కావు.

వీధులు వెడల్పయ్యాయి, స్థలం ధర పెరిగింది, అరుగులు పోయాయి. వాటి స్థానే ప్రహరీ లేచింది. తరువాత అపార్టుమెంట్లు వచ్చాయి. ఇప్పుడు నలభై కుటుంబాలు ఒకే కప్పుక్రింద వుంటాయి. పక్క ఫ్లాటులో ఒంటరిగా వుంటున్న పెద్దాయన నాలుగు రోజులుగా కనబడలేదన్న సంగతి అయిదోరోజునగాని తోచదు. అరుగు వున్న వీధిలో ఆ సంగతి పూట తిరక్కుండా తెలిసేది.

ఈ లోటు మనది మాత్రమే కాదు. మేడల ముందు ఖాళీస్థలం వదిలితే అదనపు అంతస్తులు కట్టుకోవచ్చునని న్యూయార్కు నగరం 1961లో నిబంధన పెట్టింది. స్థలాలు వచ్చాయి, మనుషులు చాలాచోట్లకు రాలేదు. విలియం వైట్ అనే ఆయన 1970లలో కెమేరాలు పెట్టి ఈ స్థలాలను కనిపెట్టి చూశాడు. తేలినదల్లా ఒక్కటే: కూర్చోవడానికి చోటు వున్నచోటనే జనం కూర్చుంటారు! అడుగు మొదలు మూడడుగుల వరకు ఎత్తు వుంటే చాలునన్నాడు. మన మేస్త్రీలకు ఇది ఏనాడో తెలుసు. ఆ నగరం 1975లో, ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవున కూర్చునే చోటు వుండాలని నిబంధన మార్చింది.

మన దేశంలో బాలకృష్ణ దోషి ఇండోరులో పేద కుటుంబాలకోసం అరణ్య అనే కాలనీని రూపొందించినప్పుడు, ఇంటికీ వీధికీ నడుమ ఓట్లాకు చోటిచ్చారు. ఓట్లా అంటే మన అరుగే. ఆ కాలనీకి 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప బహుమతి వచ్చింది.

మన అపార్టుమెంట్లలో క్రింది అంతస్తు అంతా కార్లది. మనిషికి వున్న ఆసనం కాపలాదారు కుర్చీ ఒక్కటే. లిఫ్టుకోసం ఎలాగూ నిలబడేచోట ఒక బల్ల వేయవచ్చు. గేటు ప్రక్కన, వీధి కనబడేలా, చెట్టునీడన ఒక దిమ్మె కట్టవచ్చు. ముసలివారికి వీపు ఆనించుకునే ఏర్పాటు వుండాలి. పిల్లలు ఆడేచోటు అక్కడినుంచి కంటికి ఆనాలి. పనిమనిషీ, కాపలాదారూ కూర్చున్నా ఎవరూ కనుబొమలు ముడవకూడదు. వెనుక మూలన, ఎవరూ నడవనిచోట వేసిన బెంచీ మాత్రం అలంకారానికే.

వచ్చేనెల మీ సంఘం సమావేశంలో సున్నాల సంగతీ, నీళ్ల మోటారు సంగతీ తేలిన తరువాత ఈ బల్ల సంగతి ఎత్తి చూడండి. ఎక్కడ వేయాలన్న తగవు తప్పక వస్తుంది. రానివ్వండి, ఇరుగుపొరుగు నలుగురూ మాట్లాడుకోవడం అక్కడే మొదలవుతుంది.