వార్తల్లో పదం: సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. ఇలా ఆపరేషన్ తర్వాత ముంచుకొచ్చే ముప్పును తగ్గించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఒక్క పేజీ పట్టికే ఈ చెక్‌లిస్ట్.

ఇందులో 19 అంశాలు, మూడు దశలు ఉంటాయి.

మత్తు ఇచ్చేముందు: రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ భాగానికి, అలర్జీలున్నాయా?

కోత పెట్టేముందు: గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా, పరికరాలు స్టెరిలైజ్ అయ్యాయా?

థియేటర్ నుంచి తరలించేముందు: పరికరాలు, సూదులు, గాజుగుడ్డల లెక్క సరిపోయిందా?

ప్రతి ప్రశ్నను పైకి చదివి, బృందమంతా వినేలా జవాబు చెప్పాలి.

ఢిల్లీ సహా ప్రపంచంలోని 8 నగరాల్లో అమెరికా సర్జన్ డాక్టర్ అతుల్ గవాండే బృందం దీన్ని పరీక్షించింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7కి తగ్గాయని 2009లో ప్రకటించింది. కెనడాలోని ఒంటారియోలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదని 2014లో మరో అధ్యయనం తేల్చింది. అంటే టిక్కులు పెడితే చాలదు, మనసుపెట్టి పాటించాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, ఈ చెక్‌లిస్ట్ పాటిస్తున్నారా అని డాక్టరును తప్పక అడగండి. అది మీ హక్కు.