దండెం తీగ మొదలు జ్ఞాపకపు చిప్పు వరకు

పండిత సత్కారాలకు పేరుగాంచి ‘విద్వద్గద్వాల’ అనిపించుకొన్న సంస్థానం గద్వాల. దాని పొరుగున వనపర్తి. ఆవల నల్లమల వరకు వ్యాపించిన నాగర్‌కర్నూలు. కావ్యగోష్ఠులకు నెలవైన ఈ సీమ నేడు విద్యుచ్ఛక్తికి పుట్టినిల్లు. జూరాల వద్ద కృష్ణవేణి త్రిప్పుటకు 39 మెగావాట్ల యంత్రాలు ఆరు అమర్చినారు. శ్రీశైలం ఎడమగట్టున, కొండ గర్భంలో, 150 మెగావాట్ల యంత్రాలు ఆరు నెలకొల్పినారు. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి ఆ భూగర్భ కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి తొమ్మండుగురు అసువులు బాసినారు. విద్యుత్తుతో నిత్యం మెలగినవారికే అట్టి విపత్తు వాటిల్లగా, సరదాకు స్క్రూడ్రైవరు చేతబట్టిన గృహస్థు ఎంత మెలకువగా ఉండవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

పల్లెటింటిలో మృత్యువు తరచు దండెం రూపంలో పొంచి ఉంటుంది. ఇనుపతీగ ఒక కొసను రేకుల కప్పుకు, మరొక కొసను గోడమేకుకు కట్టుట వాడుక. తొడుగు చిట్లిన సర్వీసు తీగ ఆ రేకును తాకెనా, దండెమంతటా కరెంటు పారుతుంది. తడిబట్ట ఆరవేయబోయిన ఇల్లాలికి ఆ సంగతి తెలియదు.

ఫ్యూజు ఉన్నది గదా అని ధీమా పడరాదు. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని కాపాడేది తీగలను. పలు ఆంపియర్లు దాటితే తప్ప అవి తెగవు. మనిషి గుండె లయ తప్పుటకు ఆంపియరులో పదవ వంతు చాలును. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పసిగట్టి, రెప్పపాటులో సరఫరా నిలిపివేసే ఆర్.సి.సి.బి. మనుషుల కొరకు ఏర్పడిన సాధనం. దానికి తోడు ఎర్తు చక్కగా ఉండవలెను. ఈ సీమ చాలవరకు రాతినేల. వేసవిలో మన్ను ఎండిన కొలది ఎర్తు గుంత పని మందగిస్తుంది. అప్పుడప్పుడు గుంతలో నీరు పోయుట చిన్న పనియే గాని, ఫలం పెద్దది. స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగపైననే ఉండవలెను. న్యూట్రలుపై ఉంచినచో దీపం ఆరినా హోల్డరులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియే ఉంటుంది.

ఇక రేడియో, టెలివిజన్ల మరమ్మతు. ప్లగ్గు పెరికినంత మాత్రాన పెట్టెలోని విద్యుత్తు పోదు. 230 వోల్టుల సరఫరాను ఏకముఖంగా మార్చిన పిదప పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలువ ఉంటవి. వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సరిచూచిన తరువాతనే చేయి పెట్టవలెను. బాగుచేసిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చునప్పుడు, అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఒక పాతకాలపు ఫిలమెంటు బల్బును సీరీసులో కలుపుదురు. లోపల షార్టు ఉన్నచో బల్బు నిండుగా వెలిగి, బోర్డును కాపాడుతుంది.

అన్నిటికంటె సున్నితమైనది మెమొరీ చిప్పు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్ చిప్పుపై గాజు గవాక్షం ఉండేది. అతినీలలోహిత కిరణాలు సోకినచో అందలి వ్రాత చెరిగిపోయేది. పిదప కరెంటుతోనే చెరిపి వ్రాయదగిన చిప్పులు వచ్చినవి. 24సి02 అనే చిట్టి చిప్పులో పట్టేది 256 బైట్లే. అయినను ఒక టెలివిజన్ తన అమరికలన్నిటిని అందులో దాచుకొనగలదు.

తాటియాకు ప్రతిని నకలు తీసుకొనక మునుపే పారవేసే లేఖకుడు ఉండడు. చిప్పు విషయంలోనూ అదే నీతి. మొదట రెండుసార్లు చదివి, రెండు నకళ్లూ ఒక్కటేనని పోల్చి, భద్రపరచిన మీదటనే చెరుపవలెను. చిప్పు వోల్టేజి కూడ చూడవలెను, 1.8 వోల్టుల చిప్పుకు 5 వోల్టులు ఇచ్చినచో అది చెడిపోవును.

వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. రాజులు మసలిన గదులలో సామాన్యుల బిడ్డలు సర్క్యూట్లు నేర్చినారు. అక్కడికి పోలేనివారు సైతం నేడే చేయదగిన పని ఒకటి కలదు: సర్వీసు తీగకే సరఫరా నిలిపించి, దండెం ఇనుపతీగను విప్పి, ఆ స్థానంలో నైలాను తాడు కట్టుట.