సూర్యుడు చూడని వంటిల్లు

“సకల జీవులకూ ఆహారం సూర్యుడి చలవే” అని హైస్కూలు నుంచీ వల్లె వేస్తున్నాం. క్లాసులో ఈ వాక్యం దగ్గరకు రాగానే నేను కాస్త ఆగుతాను.

కారణం, 1977 ఫిబ్రవరిలో గాలపగోస్ దీవుల దగ్గర జరిగిన ఒక యాత్ర. ‘ఆల్విన్’ అనే బుల్లి జలాంతర్గామిలో మనుషులు సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగారు. సముద్రగర్భంలో వేడినీటి ఊటలను వెతకడం వారి పని. ఊటలు దొరికాయి. వాటి చుట్టూ జాతర! పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, తెల్లటి గొట్టాల్లోంచి ఎర్రటి కుచ్చులు చాచిన పురుగులు. వెళ్ళినవారు భూగర్భ, రసాయన శాస్త్రజ్ఞులు. ఓడ మీద జీవశాస్త్రజ్ఞుడు ఒక్కడూ లేడు. (మన బాటనీ, జువాలజీ వాళ్ళకిది కొంచెం కష్టంగానే తోస్తుంది.)

వెలుతురు చొరని ఆ చోట వీటికి అన్నం వండేదెవరు? పైనుంచి రాలిపడే ఎంగిలి మెతుకులు అంత సంతకు చాలవు. పైగా ఆ గొట్టపు పురుగును కోసి చూస్తే నోరూ లేదు, పేగూ లేదు!

పురుగు శరీరంలో గంధకపు స్ఫటికాలున్నాయని ఒక ఉపన్యాసంలో విన్న హార్వర్డ్ విద్యార్థిని కొలీన్ కావనా, అప్పటికింకా మొదటి సంవత్సరం పరిశోధకురాలు, అక్కడే లేచి నిలబడి, లోపల బాక్టీరియా ఉండి తీరాలందట. 1981లో ఆధారాలతో ప్రచురించింది.

ఊటనీటిలో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. కెమిస్ట్రీ ల్యాబులో కిప్స్ ఆపరేటస్ దగ్గర ముక్కు మూసుకున్నవారికి దీన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. మనకది విషం. పురుగు రక్తంలోని హిమోగ్లోబిన్ మాత్రం ఆక్సిజన్‌నూ, సల్ఫైడునూ ఒకేసారి, వేర్వేరు చోట్ల పట్టుకొని బాక్టీరియాకు మోసుకెళ్తుంది. బాక్టీరియా ఆ సల్ఫైడును ఆక్సీకరణం చేసి, వచ్చిన శక్తితో కార్బన్ డయాక్సైడు నుంచి ఆహారం తయారుచేస్తుంది. పచ్చటి ఆకులో నడిచే కాల్విన్ చక్రమే ఇక్కడా నడుస్తుంది. పొయ్యిలో కట్టెలే వేరు.

ఈ రసాయన సంశ్లేషణ 1977లో పుట్టిన విద్యేమీ కాదు. రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1880ల్లోనే గంధకపు బాక్టీరియాను చూసి దీన్ని పసిగట్టాడు. మన పొలాల మట్టిలో అమ్మోనియాను నైట్రైటుగా మార్చే నైట్రోసోమోనాస్‌దీ ఇదే కోవ.

మరి గొట్టపు పురుగు సూర్యుడికి ఏమీ బాకీ లేదా? ఉంది సుమా! సల్ఫైడును ఆక్సీకరణం చెయ్యడానికి కావలసిన ఆక్సిజన్, పైన ఎండలో మొక్కలూ నాచులూ నీటిని చీల్చి విడిచిపెట్టిందే. ‘సూర్యుడితో పనిలేని లోకం’ అని ఉత్సాహంగా రాసేవారు ఈ సంగతి దాటేస్తారు.

ఆ బాకీ కూడా లేనివాళ్ళున్నారు. తూర్పు పసిఫిక్‌లో మరో ఊట దగ్గర దొరికి, 1983లో లోకానికి తెలిసిన సూక్ష్మజీవి ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని మెథనోకాల్డోకాకస్ జన్నాషీ అంటున్నారు. హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడును మీథేన్‌గా మార్చి, ఆ శక్తితోనే బతుకుతుంది. సుమారు 85 డిగ్రీల వేడి దానికి హాయి. ఆక్సిజన్ మాత్రం గిట్టదు.