దహావి తర్వాత ఐటీఐ: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

దహావి ఫలితాలు రాగానే మన సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు: "సైన్స్ ఇప్పించాలా, కామర్సా?" ఐటీఐ గురించి అడిగేవారు చాలా తక్కువ. అడిగినా గొంతు తగ్గించి, పిల్లవాడికి మార్కులు రాలేదన్న సిగ్గుతో అడుగుతారు.

మనం ఉంటున్నది ఏ ఊరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. చుట్టూ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు. ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. బల్లార్‌పూర్‌లో పేపర్ మిల్లు, ఘుగ్గుస్, గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, భద్రావతిలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. మన పెద్దలు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి ఇక్కడికి వచ్చిందే ఈ పనుల కోసం. వాళ్లలో చాలామందికి చదువు లేదు, చేతిలో పని మాత్రం ఉంది. ఆ పనితోనే ఇళ్లు కట్టారు, పిల్లలను చదివించారు. ఇప్పుడు వాళ్ల మనవళ్లకు అదే పని చిన్నతనంగా కనిపిస్తోంది. సంబంధం చూసేటప్పుడు కుర్రాడు ఫిట్టర్ అంటే ముఖం తిప్పుకుంటాం, ఖాణీలో పర్మినెంట్ ఫిట్టర్ అంటే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెడతాం. పని అదే కదా!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ పర్మినెంట్ కొలువులు మునుపటిలా లేవు. తండ్రి రిటైరైతే కొడుకు చేరతాడన్న రోజులు పోయాయి. కార్మికుడు మరణించినా, పనికి అనర్హుడైనా కుటుంబంలో ఒకరికి ఉద్యోగమిచ్చే నిబంధన బొగ్గు గనుల వేతన ఒప్పందంలో ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని పిల్లవాణ్ణి ఖాళీగా కూర్చోబెట్టే ఇల్లు ఇల్లు కాదు. సరిహద్దు దాటి సింగరేణికి వెళ్దామంటే అక్కడి నియామకాల్లో స్థానికులదే పెద్ద వాటా, మన పిల్లలు అక్కడ నాన్‌లోకల్. ఇక మిగిలింది కాంట్రాక్టర్ల కింద పని. అందులో చేతిలో సర్టిఫికెట్ ఉన్నవాడు ఒక మనిషి, లేనివాడు ఇంకో మనిషి. ఒకే షెడ్డులో, ఒకే ఎండలో నిలబడినా వెల్డర్ కూలి వేరు, హెల్పర్ కూలి వేరు. గల్ఫ్ వెళ్లినా అంతే. పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగించి దాని చుట్టూ వెల్డింగ్ చేయించే 6జి పరీక్ష నెగ్గిన వాణ్ణి ఏజెంటే వెతుక్కుంటూ వస్తాడు. దహావి పాసైతే పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ అనుమతి ముద్ర అవసరం కూడా ఉండదు, కాబట్టి ఏ పనికి పంపినా దహావి మాత్రం పూర్తి చేయించండి.

ఐటీఐ సంగతికి వస్తే, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడ్లు, వీటికి సైన్సు, లెక్కలతో దహావి పాస్ కావాలి. వెల్డర్ ఏడాదే, ఎనిమిది పాసైనా చాలు. ప్లంబర్, తాపీ పని, వడ్రంగం కూడా ఏడాది ట్రేడ్లే. ప్రవేశాలు ఫలితాల తర్వాత ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఆఖరి తేదీ దాటాక పరుగెత్తుకొచ్చేవారే ఎక్కువ, అది వేరే కథ. "ఐటీఐ చేస్తే చదువు ఆగిపోతుంది" అన్నది మన ఇళ్లలో బాగా నాటుకున్న మాట. అది నిజం కాదు. దహావి తర్వాత రెండేళ్ల ఐటీఐ చేసినవారు పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు, అక్కడి నుంచి ఇంజినీరింగుకూ దారి ఉంది. కాకపోతే దూరం కొంచెం ఎక్కువ.

చాలామందికి తెలియనిది అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం ఇది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అదే నిబంధనల్లో ఐటీఐ పాసైనవారికి నెలకు కనీసం 7,000 రూపాయల భత్యం పెట్టారు. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఐటీఐలో వైరు కలపడం నేర్పుతారు, నడుస్తున్న ప్లాంటులో మోటారు ఆగితే ఎక్కడ చూడాలో మాత్రం అప్రెంటిస్‌షిప్‌లోనే తెలుస్తుంది. జర్మనీలో ఈ రెంటినీ విడదీయరు. అక్కడ కుర్రాడు వారంలో ఒకటి రెండు రోజులు బడికి, మిగతా రోజులు కంపెనీకి వెళ్తాడు, మూడు మూడున్నరేళ్లు అలా గడుపుతాడు.

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. "మా దగ్గర అప్రెంటిస్‌గా పెట్టుకుంటాం" అని ఊరికే హెల్పర్ పని చేయించుకునేవాళ్లు ఉన్నారు. నిజమైన అప్రెంటిస్‌షిప్ అయితే ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదవుతుంది, ఒప్పందం రాతలో ఉంటుంది, నంబరు ఉంటుంది. ఆ కాగితం చూపించమని అడగండి. లేదంటే రెండేళ్ల చెమటకు చివరికి ఏ సర్టిఫికెటూ మిగలదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో, గనుల్లో కూలికి పెట్టడం 2016 సవరణ తర్వాత నేరం కూడా. సెలవుల్లో పని నేర్చుకుంటాడని పరంజా ఎక్కించకండి, చూడనివ్వండి చాలు.

ఆడపిల్లల మాట ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఎలక్ట్రీషియన్‌లోనూ, డ్రాఫ్ట్స్‌మన్‌లోనూ వాళ్లకు సీట్లున్నాయి. సాంకేతిక ఉద్యోగాల్లో ఆడవాళ్లు గని లోపల పగటిపూట పనిచేయడానికి 2019లోనే అనుమతి వచ్చింది.

చివరగా కాగితాలు. మనలాంటి ఇళ్లకు అసలు ఇబ్బంది మార్కులతో కాదు, వీటితోనే. తాత తెలంగాణ నుంచి తెచ్చుకున్న జాతి ధ్రువపత్రం ఇక్కడి రిజర్వేషన్ సీటుకు పనికిరాదు. కుటుంబం ఎస్సీ అయితే 10 ఆగస్టు 1950, ఓబీసీ అయితే 13 అక్టోబర్ 1967 నాటికే మహారాష్ట్రలో ఉందని రుజువు చూపాలి. తాత సర్వీసు పుస్తకం, పాత శాళ దాఖలా, ఇంటి పన్ను రసీదు, ఏది దొరికినా పారేయకండి. రాజురా తాలూకా వాళ్ల సంగతి ఇంకొంచెం వేరు. ఆ ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, తర్వాత నాందేడ్‌కు, 1959లో మన జిల్లాకు వచ్చింది. అందుకని వాళ్ల పాత రికార్డులు ఉర్దూలో, ఇంకో జిల్లా పేరు మీద ఉండవచ్చు. ఈ పత్రం చేతికి రావడానికి నెలలు పడుతుంది. తొమ్మిదో తరగతిలో ఉండగానే తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. పాత కాగితాలు ఏవి పనికొస్తాయో తెలియకపోతే అవన్నీ ఒక సంచిలో వేసుకుని సంఘం ఆఫీసుకు తీసుకురండి, కూర్చుని చూద్దాం.